కొత్త గుమాస్తా

మా దుకాణంలోకి 2023లో వొక కొత్త గుమాస్తా వచ్చాడు. జీతం అడగడు. సెలవు పెట్టడు. తెల్లవారుజామున లేపినా, అర్ధరాత్రి లేపినా విసుక్కోడు. తెలుగు, మరాఠీ, కన్నడం, హిందీ, యింగ్లీషు, యే భాషలో వుత్తరం కావాలంటే ఆ భాషలో క్షణంలో రాసి ముందు పెడతాడు. ఇన్ని సుగుణాలున్న గుమాస్తాకు లోపం వొక్కటే. అతను మా దుకాణం గడప యెన్నడూ తొక్కలేదు. మా సరుకు కంటితో చూడలేదు, చేత్తో తాకలేదు. అయినా అన్నీ చూసినట్టే రాస్తాడు.

పిల్లలు అతన్ని ఏఐ అంటారు. పత్రికలవారు కృత్రిమ మేధ అంటున్నారు. 2022 నవంబరు నెలాఖరున చాట్‌జీపీటీ అనే పరికరం జనం చేతికి వచ్చింది. ఆ తర్వాత గూగుల్ వారి జెమినీ వంటివి వచ్చాయి. చేతిలోని ఫోనులోనే, కొంత మేరకు డబ్బు లేకుండానే యివి పనిచేస్తాయి. పెద్ద కంపెనీలవారు ప్రకటనల కోసం ప్రత్యేకంగా మనుషులను పెట్టుకుంటారు. మనబోటివాళ్లకు ఆ స్తోమతు లేదు. కనుక యిటువంటి సాధనం మనకే యెక్కువ వుపకరించాలి. ఉపకరిస్తుంది కూడాను. అయితే దీనివల్ల మొదట నాకు తలవంపులు వచ్చాయి. తర్వాతనే లాభం కలిగింది. ఆ రెండూ దాచకుండా చెప్పుకుంటే, యింటిపట్టున చిన్న వ్యాపారాలు చేసుకుంటున్న మన కుటుంబాలకు పనికి వస్తుందని యీ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా బజారు సంగతి

మాది షోలాపూరు. మా తాతగారు నిజాం రాజ్యం నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి యిక్కడ స్థిరపడ్డారు. ఊరి తూర్పు భాగంలో వున్న పద్మశాలి కుటుంబాలలో చాలామంది కథ యిదే. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, విజయపురం, కలబురిగి వైపునుంచి వచ్చే గిరాకీతో కన్నడం. ఒక్క పూటలో యీ మూడు భాషలూ మా నోట నలుగుతాయి.

షోలాపూరు చద్దరుకూ, టెర్రీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు వున్నదని చాలామందికి తెలుసు. మాకు మగ్గాలు లేవు. నాన్నగారి కాలంలోనే తీసివేశాము. తెలిసిన కార్ఖానాలనుంచి తువ్వాళ్లు, దుప్పట్లు తెచ్చి అమ్ముకుంటాము. మహారాష్ట్రంలో పెళ్లికి వచ్చిన పెద్దలకు టోపీ, తువ్వాలు పెట్టి మర్యాద చేయటం ఆచారం. ఆ పెళ్లి బేరాలే మాకు ప్రాణం. ఆషాఢ యేకాదశికి పండరీపురం వెళ్లే యాత్రికులు, సంక్రాంతికి సిద్ధేశ్వరుని జాతరకు వచ్చేవాళ్లు కూడా మా గడప తొక్కుతారు.

గత పదేళ్లలో యీ గిరాకీ సన్నగిల్లింది. జనం మానుకొన్నది తువ్వాళ్లు కొనటం కాదు, బజారుకు వచ్చి వెతుక్కోవటం. ముందు ఫోనులో చూస్తారు. అక్కడ కనబడినవాడి దగ్గర కొంటారు. మేము అక్కడ కనబడము. మా అబ్బాయి పుణెలో వుద్యోగం చేసుకుంటున్నాడు. "దుకాణం యెత్తివేసి మా దగ్గరికి వచ్చేయండి నాన్నా" అని రెండుసార్లు అన్నాడు. అతను అన్నది తప్పని నేను చెప్పలేకపోయాను. అటువంటి సమయంలో మా కోడలు సెలవులకు వచ్చి యీ గుమాస్తాను పరిచయం చేసింది.

మొదటి వుత్తరం, మొదటి తప్పు

అది 2023 దీపావళి ముందు. "మామయ్యా, మన సరుకుకు మంచి ప్రకటన రాయిస్తాను, చూడండి" అని ఆమె ఫోను తీసుకున్నది. షోలాపూరులో తువ్వాళ్ల దుకాణానికి దీపావళి ప్రకటన రాయమని వొక్క వాక్యం అడిగింది. నేను కళ్లజోడు సర్దుకొనేలోపల ప్రకటన సిద్ధమైంది. తరతరాల చేతిమగ్గం నేత అన్నది. భౌగోళిక గుర్తింపు పొందిన వారసత్వం అన్నది. మీ యింటికి రాజసం తెస్తుందన్నది. మరాఠీ యెంత నున్నగా వున్నదంటే, నేను రెండుసార్లు పైకి చదివి వినిపించుకున్నాను. నా ఫోనులో నంబరు వున్న ప్రతి గిరాకీకీ అది పంపించాము.

విజయపురంలో వొక మాస్టారున్నారు. నాన్నగారి కాలంనుంచి మా ఖాతాదారు. పిల్లవాళ్లకు కన్నడం చెప్పి రిటైరయ్యారు. ఆ ప్రకటన చూసి, కూతురి పెళ్లి మర్యాదలకు నాలుగు డజన్ల తువ్వాళ్లు కొన్నారు. పెళ్లిలో వియ్యాలవారికి "చేతిమగ్గం నేత" అని గొప్పగా చెప్పి పెట్టారు. వియ్యాలవారి బంధువులలో వొకాయన ఇల్కల్ వైపు నేతపనివారు. తువ్వాలు అంచు తిప్పి చూసి, నలుగురిలోనూ నవ్వాడు. అది మరమగ్గం నేత. మా బజారులో అమ్మే తువ్వాళ్లన్నీ దాదాపు మరమగ్గం మీద నేసినవే. ఆ సంగతి నాకు తెలుసు. చదివి కూడా నా కంటికి ఆనలేదు. నున్నని మాట చెవికి యింపుగా వుండి, మనస్సు నిద్రపోయింది.

మాస్టారు నెల తర్వాత స్వయంగా వచ్చారు. కేకలు వేయలేదు. బల్లమీద కూర్చుని మంచినీళ్లు తాగి, "సావుకారూ, మీ నాన్నగారు నాకు యేనాడూ అబద్ధం చెప్పి గుడ్డ అమ్మలేదు" అన్నారు. నేను డబ్బు తీసి యివ్వబోతే తీసుకోలేదు. "ఆ ప్రకటన యెంతమందికి పంపారో అంతమందికీ నిజం రాయండి, చాలు" అని వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే రాశాను. ఇద్దరు సరుకు తిప్పి పంపారు. వారి డబ్బు వారికి చేర్చాను. అంతకంటె నన్ను బాధించినది, మా గల్లాపెట్టె మీద వున్న నాన్నగారి ఫొటో వైపు చూడలేకపోవటం.

గుమాస్తా యెందుకు అబద్ధమాడాడు?

ఇది తెలుసుకోవాలని తర్వాత కోడలిచేతనూ, కంప్యూటరు చదివిన మరి యిద్దరిచేతనూ చెప్పించుకున్నాను. నాకు అర్థమైనంతవరకు సంగతి యిది. ఈ యంత్రం లెక్కకు మించిన పుస్తకాలూ, పత్రికలూ, ప్రకటనలూ చదివివున్నది. యే మాట తర్వాత యే మాట రావటం వాడుకో దానికి తెలుసు. మనం అడగగానే ఆ వాడుకను బట్టి మాట తర్వాత మాట పేర్చుకుంటూ పోతుంది. తువ్వాళ్లూ, షోలాపూరూ, వారసత్వమూ అన్న మాటల పక్కన చేతిమగ్గం అన్న మాట తరచు వస్తుంది. కనుక అదీ తెచ్చి పెట్టింది. అబద్ధమాడాలన్న వుద్దేశం దానికి లేదు. నిజం చెప్పాలన్న పట్టుదలా లేదు. మన సరుకు గురించి మనం చెప్పనిదాన్ని వూహించి పూరిస్తుంది. అంతే.

దానిని నమ్మి సంతకం పెట్టిన తప్పు మాత్రం నాది. చట్టం కూడా ఆ మాటే అంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయలవరకు జరిమానా వేయవచ్చును. మళ్లీ చేస్తే 50 లక్షలవరకు పోవచ్చును. "నేను రాయలేదు, యంత్రం రాసింది" అంటే అక్కడ చెల్లదు. చేతిమగ్గం సరుకును గుర్తుపట్టటానికి 2006 నుంచి చేతిమగ్గం ముద్ర వున్నది. భౌగోళిక గుర్తింపు ముద్ర వేసుకోవాలన్నా, అధికారికంగా పేరు నమోదు చేయించుకోవాలి. ఊళ్లో దుకాణం వున్నంతమాత్రాన ఆ హక్కు రాదు. ఈ రెండు మాటలూ నా ప్రకటనలో నా అనుమతి లేకుండా వచ్చి కూర్చున్నవే.

చిట్టా రాయటం

నేను యిక యీ పని వద్దనుకున్నాను. కోడలు వూరుకోలేదు. "కొత్త గుమాస్తా వస్తే మీరు మొదటిరోజే కొట్టు అప్పగిస్తారా? ముందు సరుకు చూపించరా?" అని అడిగింది. ఆ మాట న్యాయంగా వున్నది. మరునాడు ఆమె కాగితం, కలం పట్టుకుని నా యెదురుగా కూర్చున్నది. గిరాకీ అడిగినట్టే వొక్కొక్క ప్రశ్న వేసింది. నేను చెప్పినదంతా రాసుకున్నది. ఒక రకం తువ్వాలుకు మా చిట్టా యిట్లా తయారైంది:

స్నానానికి వాడే టెర్రీ తువ్వాలు. వెడల్పు 30 అంగుళాలు, పొడవు 60 అంగుళాలు. తూకం సుమారు 460 గ్రాములు, అంటే చదరపు మీటరుకు 400 గ్రాముల చొప్పున. నూలు మాత్రమే, కలగలుపు లేదు. నేత మరమగ్గం మీద. రంగులు నాలుగు. ముదురు యెరుపు మొదటి రెండు వుతుకులలో కొంచెం రంగు విడుస్తుంది. కొత్త తువ్వాలు వొకసారి వుతికిన తర్వాతనే నీరు బాగా పీలుస్తుంది. పెళ్లి మర్యాదలకు, యింటి వాడకానికి, చిన్న లాడ్జీలకు బాగుంటుంది. పలచగా వుండి త్వరగా ఆరాలనుకునే ప్రయాణీకులకు పనికిరాదు.

ఇందులో చివరి మూడు సంగతులు రాయించటానికి నేను వెనుకాడాను. రంగు విడుస్తుందని మన నోటితో మనమే చెప్పుకోవటమేమిటి? కాని ఆలోచించి చూస్తే, దుకాణానికి వచ్చిన మనిషికి నేను యీ మాటలన్నీ చెప్పే అమ్ముతాను. ఎదుట వున్నవారికి చెప్పేదీ, దూరాన వున్నవారికి రాసేదీ వొకటే కావాలిగదా!

చిట్టాతోబాటు గుమాస్తాకు నాలుగు కట్టుబాట్లు పెట్టాము. చిట్టాలో లేని గుణం వొక్కటి కూడా చేర్చకూడదు. ఏదైనా తెలియకపోతే మమ్మల్ని అడగాలి. 60 మాటలకు మించకూడదు. పెళ్లి యింట్లో పెద్దావిడకు చెప్పినట్టు మరాఠీలో రాయాలి. అప్పుడు వచ్చినదానికి తెలుగు యిది:

"పెళ్లికి టోపీ, తువ్వాలు పెట్టాలనుకుంటున్నారా? మా దగ్గర 30కి 60 అంగుళాల నూలు తువ్వాలు వున్నది. తూకం 460 గ్రాములు. మరమగ్గం మీద నేసినది. నాలుగు రంగులు. ముదురు యెరుపును మొదటి రెండుసార్లు విడిగా వుతకండి. ముందు వొక్కటి కొని, వుతికి చూసి, తర్వాత డజన్లు చెప్పండి."

చివరి వాక్యం మా నాన్నగారిది. ఆయన యెప్పుడూ గిరాకీతో అనే మాట. అది చిట్టాలో చేర్చమని నేనే పట్టుబట్టాను. రాజసమూ, వారసత్వమూ లేని ఆ చిన్న వుత్తరం చదివి, వొక్క తువ్వాలు కావాలని ఆ వారంలోనే అడిగినవాళ్లున్నారు. వారిలో కొందరు తర్వాత డజన్లకు వచ్చారు. మొదటి ప్రకటనను మెచ్చుకున్నవాళ్లు యెక్కువ. రెండవదాన్ని చూసి కొన్నవాళ్లు యెక్కువ.

గిరాకీ అడిగేది వినటం

ప్రకటన రాయటంకంటె పెద్ద వుపకారం వొకటి యీ గుమాస్తా చేశాడు. గిరాకీ పంపిన ప్రశ్నలు వాట్సాపులో నెలల తరబడి పోగుపడి వున్నాయి. నేను యే ప్రశ్నకు ఆ ప్రశ్న జవాబు చెప్పి మరిచిపోయేవాణ్ణి. కోడలు మూడు నెలల ప్రశ్నలు వొకచోట చేర్చి, జనం దేని గురించి అడుగుతున్నారో విడదీయమన్నది. చేర్చేముందు పేర్లూ, ఫోను నంబర్లూ, చిరునామాలూ తీసివేసింది. ఇది మరువరాని సంగతి. మనల్ని నమ్మి నంబరు యిచ్చినవారి వివరాలు వూరుపేరు తెలియని యంత్రానికి అప్పగించకూడదు. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు వొక చట్టమే చేసింది. చట్టం లేకపోయినా అది మర్యాద.

రంగు పోతుందా, డజను ధర యెంత, ముహూర్తం లోపల పార్సెలు అందుతుందా అన్నవి యెక్కువమంది అడిగే ప్రశ్నలని తేలింది. వీటికి జవాబులు ముందే రాసిపెట్టుకుంటే, అడిగిన నిమిషంలో పంపవచ్చును. వాట్సాప్ బిజినెస్ అనే దానిలో యీ సదుపాయం వున్నది. సరుకుల పట్టిక, బొమ్మ, ధర కూడా అందులో పెట్టుకోవచ్చును. నాల్గవ ప్రశ్న మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. "తువ్వాలు మీద వధూవరుల పేర్లు కుట్టి యిస్తారా?" అని చాలామంది అడిగారు. ప్రతివారికీ "లేదండీ" అని నేనే జవాబు రాశాను. అంతమందికి లేదని చెప్పినట్టు నాకే తెలియదు! మా వీధిలోనే కుట్టుమిషను మీద యెంబ్రాయిడరీ చేసే వొక తల్లి వున్నది. ఆమెతో మాట్లాడుకున్నాను. ఈనాడు మా పెళ్లి బేరాలలో పేర్లు కుట్టించుకునేవాళ్లే యెక్కువ. ఆమెకు పని దొరికింది, నాకు గిరాకీ నిలిచింది.

ఇక్కడ వొక హెచ్చరిక. యీ యంత్రానికి లెక్కపెట్టటంలో పొరపాట్లు వస్తాయి. ఎన్నిసార్లు అడిగారని అది చెప్పిన సంఖ్యను మేము చేత్తో లెక్కపెడితే కలవలేదు. రకాలుగా విడదీయటం దానికి వదిలాము. లెక్క మాత్రం మేమే పెట్టుకున్నాము. ధరలు, తూకాలు, తేదీలు, పన్నులు యెప్పుడూ మన కళ్లతో సరిచూసుకోవలె.

బొమ్మలు, భాషలు, కోపాలు

మన సరుకు బొమ్మను కూడా యంత్రం గీసి యిస్తుంది. మన తువ్వాలు పట్టుపరుపులాగా మెరుస్తుంది. పక్కన గులాబీలు, దీపాలు వుంటాయి. దానికి ఆశపడకూడదు. గిరాకీ బొమ్మ చూసి కొంటాడు, యింటికి వచ్చేది సరుకు. ఆ రెంటికీ తేడా వస్తే యిక మన గడప తొక్కడు. మేము వుదయం వెలుతురులో, గుమ్మం దగ్గర, తువ్వాలు పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీస్తాము. వెనుకనున్న చిందరవందర తుడిచివేయటంవరకు యంత్రానికి అప్పగిస్తాము. రంగు మార్చనివ్వము. పండుగ శుభాకాంక్షల కార్డుకు దీపాలూ పువ్వులూ గీయించుకుంటే తప్పులేదు. అది సరుకు బొమ్మ కాదు కనుక.

భాషల విషయంలో మనవంటి ప్రవాసాంధ్ర కుటుంబాలకు యిది గొప్ప సదుపాయం. నాకు కన్నడం మాట్లాడటం వచ్చును గాని, తప్పులేకుండా రాయటం రాదు. గుమాస్తా రాస్తాడు, నేను పైకి చదువుతాను, చెవికి యెబ్బెట్టుగా తోచినచోట మారుస్తాను. మరాఠీని పక్క దుకాణంవారి అమ్మాయి వొకసారి చూస్తుంది. వింతేమిటంటే, మన తెలుగే దానికి తక్కువగా పట్టుబడింది. యింగ్లీషు చదివినంతగా అది తెలుగు చదవలేదు. మేము దుప్పటి అంటే అది శాలువా అన్నది. మాట మాటకూ "అత్యుత్తమ నాణ్యత కలిగిన వుత్పత్తి" అన్నది. మా బజారులో అట్లా యెవరూ మాట్లాడరు. తెలుగువారికి పంపే వుత్తరం నేనే రాసుకుంటున్నాను. దానిచేత అక్షరదోషాలు మాత్రం చూపించుకుంటున్నాను.

గూగుల్ పటంలో దుకాణం పేరు, తెరిచే వేళలు, ఫోను నంబరు పెట్టుకోవటానికి ఖర్చులేదు. చిన్న దుకాణదారు మొదట చేయవలసిన పని బహుశా అదే. అక్కడ గిరాకీ తమ అభిప్రాయాలు రాస్తారు. మెచ్చుకుంటూ పది అభిప్రాయాలు యంత్రంచేత రాయించి పెట్టుకోమని నాకు సలహా యిచ్చినవారు లేకపోలేదు. అది దొంగసాక్ష్యం. యిటువంటివి అరికట్టటానికి భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం కూడా తెచ్చింది. ఒకసారి వొకాయన పార్సెలు ఆలస్యమైందని కటువుగా రాశాడు. నేను అంతకంటె కటువుగా జవాబు రాశాను. పంపేముందు కోడలి మాటమీద గుమాస్తాకు చూపించాను. అతను దాన్ని మెత్తగా తిరగరాశాడు. చదివి సిగ్గుపడ్డాను. అయితే ఆ మెత్తదనంలోనే, 24 గంటలలో వుచితంగా వేరే సరుకు పంపుతామని నా తరఫున మాట యిచ్చేశాడు! ఆ వాక్యం కొట్టివేసి, క్షమాపణ మాత్రం వుంచి పంపాను.

మరొక సంగతి. రాయటం సులభమైందిగదా అని రోజూ వుత్తరాలు పంపితే జనం విసుగెత్తి మన నంబరు మూసివేస్తారు. పెళ్లిళ్ల కాలానికి ముందు వొకటి, ఆషాఢానికి వొకటి, దీపావళికి వొకటి, సంక్రాంతికి వొకటి. సంవత్సరానికి నాలుగు వుత్తరాలు మాకు చాలు. వద్దన్నవారి పేరు వెంటనే తీసివేస్తాము. కొత్తగా వచ్చిన ప్రతి గిరాకీనీ "మా సంగతి యెట్లా తెలిసింది?" అని అడిగి ఖాతా పుస్తకంలో పక్కన రాసుకుంటాము. ఏ వుత్తరం పనిచేసిందో, యేది వృథా అయిందో ఆ పుస్తకమే చెబుతుంది.

మీ సరుకుకు మీ చిట్టా

మా సరుకు తువ్వాలు. మీ సరుకు మరొకటి కావచ్చును. బరంపురంలో అప్పడాలు వొత్తి అమ్మే అక్కగారు వున్నారనుకోండి. ఆవిడ చిట్టాలో యే పప్పుపిండి, పావుకిలోకు యెన్ని అప్పడాలు, యే తేదీన వొత్తినవి, యెన్నాళ్లు నిలువ వుంటాయి, వుప్పు యెక్కువా తక్కువా అన్నవి వుండాలి. ఆహార శాఖవారు యిచ్చిన 14 అంకెల నంబరు వుండాలి. ఊరగాయలు, పొడులు అమ్మేవారు మరీ జాగ్రత్తగా వుండాలి. చిట్టా లేకుండా అడిగితే యీ గుమాస్తా మెంతిపొడి మధుమేహాన్ని నయం చేస్తుందని రాసినా రాయగలడు. జబ్బులు నయమవుతాయని ప్రకటించటాన్ని నిషేధిస్తూ 1954లోనే చట్టం వున్నది. ఆహార పదార్థాల ప్రకటనలకు 2018లో వేరే నిబంధనలు వచ్చాయి. బెంగుళూరులో సంగీతం చెప్పే అమ్మాయి అయితే, యే వయస్సువారికి, వారానికి యెన్ని రోజులు, యింటికి వచ్చి చెబుతుందా, రుసుము యెంత అన్నవి రాసుకోవాలి.

ఏ వ్యాపారమైనా వరస వొకటే. ముందు మన నోటితో నిజాలు చెప్పి చిట్టా రాసుకోవాలి. అందులో మన సరుకు యెవరికి పనికిరాదో కూడా వుండాలి. తర్వాత గుమాస్తాకు యిచ్చి, చేర్పులు వద్దని చెప్పి రాయించాలి. వచ్చినదాన్ని పైకి చదివి, ప్రతి వాక్యానికీ "ఇది నాకు తెలుసా? గిరాకీ యెదుట నిలబడి యీ మాట అనగలనా?" అని ప్రశ్నించుకోవాలి. అనలేని వాక్యం యెంత అందంగా వున్నా కొట్టివేయాలి. ఇంట్లో పిల్లలుంటే వారిచేత ఫోను పని చేయించి, చిట్టా మాత్రం పెద్దలు చెప్పాలి. పిల్లలకు యంత్రం తెలుసు, మనకు సరుకు తెలుసు. ఈ రెండూ వొకచోట కూర్చుంటేనే పని జరుగుతుంది. మా యింట్లో మామా కోడళ్లు గంటలకొద్దీ తువ్వాళ్ల సంగతి మాట్లాడుకోవటం యిదే మొదలు. ఆ మాటలలో మా నాన్నగారి వ్యాపారం సంగతులు యెన్నో ఆమె రాసిపెట్టుకున్నది. నాతోనే పోయేవి, యిప్పుడు కాగితం మీద వున్నాయి.

దుకాణం పెద్దదైపోయిందని చెప్పను. అద్దె, కరెంటు, సరుకు బాకీలు పోగా మా యిద్దరికీ జరుగుతున్నది. మా అబ్బాయి యెత్తివేయమనే మాట యీమధ్య తేలేదు. అమ్మకం యెట్లా వున్నదని అడుగుతున్నాడు.

మొన్న ఆషాఢంలో పండరీపురం పోతూ మాస్టారు దిగారు. మళ్లీ వస్తారని నేను అనుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని, తువ్వాళ్ల కట్టమీది చీటీ చదివారు. "మరమగ్గం మీద నేసినది. ముదురు యెరుపు మొదటి రెండుసార్లు విడిగా వుతకండి." చదివి, నావైపు చూసి, "ఇది యెవరు రాశారు?" అన్నారు. "రాసింది గుమాస్తా. చెప్పింది నేను" అన్నాను. రెండు తువ్వాళ్లు కొన్నారు. వాటిలో వొకటి ముదురు యెరుపు.